"చదువుతున్నది"లో ఆ "ది" ఎవరిది?

కందం: రేడియో వార్తల మొదటి మాట "ఆకాశవాణి. వార్తలు చదువుతున్నది" అనా, "చదువుతున్నవారు" అనా? వార్తలు చదివిన పన్యాల రంగనాథరావు గారి పేరుకు ముందు "ది" ఉన్నట్టే గుర్తు. మగమనిషికి "ది" ఎట్ల పొసిగింది?

పాకాల: "ది"యే. "తలుపు కొట్టింది పాలాయన", "ఈ చెట్టు నాటింది మా తాత" అంటం కదా, తాతను తక్కువ చేసినట్టా? పని ముందు, చేసినవాళ్ల పేరు చివర వచ్చే వరుసలో ఆ "ది" లింగమూ చూడదు, వచనమూ చూడదు.

ములుగు దారి: మన దిక్కు చెవికి చిక్కు అక్కడే అన్నా. "అక్క చదువుతున్నది" ఇక్కడ రోజూ అనే మాట. అందుకే రేడియోల వార్తలు చదివిన మాడపాటి సత్యవతి గారి పేరు ముందు నిండుగ ఉంటది, మగ పేరు ముందు చెవి తడబడతది. పోతన తేడా చూపనే చూపిండు: "పలికెడిది భాగవత మఁట, పలికించెడివాడు రామభద్రుం డఁట". మాటకు "ది", మనిషికి "వాడు".

కందం: అది కంద పద్యం, గణానికి నాలుగు మాత్రలు. ఆ "వాడు" గణానికి కూడా కావాలె. పలికిం, చెడివా, డురామ, భద్రుం, డఁటనేఁ. రెండోది సగణం, అంటే రెండు లఘువులు, ఒక గురువు. "చెడిది" పెడితే మూడు లఘువులే, నాలుగు మాత్రలు నిండవు.

ములుగు దారి: గణం కోసం అర్థాన్ని వంచే చెయ్యి కాదు బమ్మెర పోతనది.

పాకాల: రేడియోలో పలికించేది డెస్కు మీది సబ్ ఎడిటర్. ఆ పద్యం చివర "వేఱొండు గాథ బలుకఁగ నేలా" (ఇంకో కథ పలకడమెందుకు) అన్న ప్రశ్న రోజూ ఆయన ముందే ఉంటది. పత్రికలో మూలన పడ్డ వార్తను కన్ను వెతుక్కుంటది, రేడియోలో కిందికి జారిన వార్త వచ్చేసరికి వినేటాయన పొలం బాట పడతడు. వరంగల్ దిక్కు వినేవాళ్లకు ఎనుమాముల మార్కెట్ల పత్తి ధర పైకి రావాలె. చెవికి వెనక్కి తిప్పే పేజీ లేదు కాబట్టే ముఖ్యాంశాలు మొదట ఒకసారి, చివర మళ్లొకసారి.

హన్మకొండ: చివరి అక్షరం సంగతే అయితే అసలు ప్రమాదం "అని", "లేదు"లతోటి. "యూరియా కొరత తీరిందని మంత్రి చెప్పారు" అని చదివితే, "తీరింది" దాకా విన్న రైతుకు అది మంత్రి మాట కాదు, జరిగిన సంగతి. "మంత్రి చెప్పిన ప్రకారం" అని ముందే రావాలె. "రేపు బడులకు సెలవు లేదు"లో గరగర వచ్చి "లేదు" మునిగితే అర్థం తలకిందులు. "రేపు బడులు ఎప్పటిలాగే నడుస్తాయి" అని రాయాలె. అంకెలకూ ఇదే పద్ధతి. 41,873 బస్తాలు వచ్చినయనుకోండి, "దాదాపు 42 వేలు" అంటేనే చెవిలో నిలుస్తది. ధరను మాత్రం సవరించొద్దు. క్వింటాలుకు 20 రూపాయల తేడా కూడా రైతుకు లెక్కే.

కందం: ఆ లెక్కన "చదువుతున్నది" మేలు. పేరు చివర పడి స్పష్టంగ వినిపిస్తది.

ములుగు దారి: "చదువుతున్నవారు" అన్నా పేరు చివరే కదా.

పాకాల: "వారు" అనంగనే మనిషి పరిచయం మొదలైతది. "ది" అంటే దృష్టి వార్తల మీదనే ఉంటది. ఇంకొకటి, విరామం ఎక్కడ? "ఆకాశవాణి. వార్తలు చదువుతున్నది" అనా, "ఆకాశవాణి వార్తలు. చదువుతున్నది" అనా? రెండోదైతే ఏం చదువుతున్నదో ఆ వాక్యంల లేదు.

ములుగు దారి: అయితే పోతన "పలికెడిది" కూడా మీరు చెప్పిన వరుసేనా? భాగవతం పలికేదా, పలకబడేదా?

హన్మకొండ: పలకబడేదే. వెంటనే "నేఁ బలికిన" అన్నడు, పలికేది పోతన.

ములుగు దారి: అట్లయితే విరామం మార్చి చూడుండ్రి. "చదువుతున్నది" అంటే చదివే మనిషే కానక్కర లేదు, చదవబడే వార్తలు కూడా కావచ్చు.