ఇంటి నుంచి పని, మధ్యలో సొంత అపాయింట్‌మెంట్లు: ఎలా సర్దుకుంటున్నారు?

కిటికీపక్కన:
పంటి డాక్టరు, బ్యాంకు పని, ప్లంబర్ రావడం, బడిలో టీచర్‌ని కలవడం... అన్నీ 'నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా' అంటూ నా మీదికే వస్తాయి. ఆఫీసువాళ్లేమో క్యాలెండర్‌లో ఖాళీ కనబడితే చాలు, మీటింగ్ పెట్టేస్తారు. ఆఫీసు క్యాలెండర్ ఒకటి, ఫోన్‌లో సొంతది ఇంకొకటి. మీరెలా నెట్టుకొస్తున్నారు?

పాళీమార్పు:
రెండు క్యాలెండర్లు విడివిడిగా ఉన్నంతకాలం ఈ గొడవ తెగదండీ. సొంత పని ఏదున్నా ఆ టైమ్‌ని ఆఫీసు క్యాలెండర్‌లో బ్లాక్ చేసేయండి. 'ప్రైవేట్' అని పెడితే మామూలుగా మీరు ఖాళీగా లేరని మాత్రమే మిగతావాళ్లకు తెలుస్తుంది. ఇంకో సంగతి, మూడింటికి అపాయింట్‌మెంట్ అయితే నేను రెండున్నర నుంచే బ్లాక్ చేస్తాను. దారిలో పట్టే టైమ్‌ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మీటింగ్ మిస్సయ్యేది ఎక్కువగా అక్కడే.

హెడ్‌సెట్_తీయను:
ప్రైవేట్‌ని మరీ నమ్మకండి. గూగుల్ క్యాలెండర్‌లో మార్పులు చేసే అనుమతి మీరు ఎవరికైనా ఇచ్చి ఉంటే, ప్రైవేట్ అని పెట్టినవి కూడా వాళ్లకు పూర్తిగా కనిపిస్తాయి. డాక్టరు పేరు, జబ్బు పేరు అందులో రాయొద్దు. 'బయట పని' అంటే చాలు.

రెండోబల్ల:
నేను టీమ్ లీడ్‌ని, అవతలి వైపు నుంచి చెప్తా. రోజంతా బ్లాకులే ఉంటే మీటింగ్‌కి చోటు దొరకదు, చివరికి ఎవరో ఒకరు మీ బ్లాక్ మీదే పెట్టేస్తారు. ఏది కదపలేనిదో, ఏది కాస్త జరపొచ్చో తెలిసేలా ఉంచండి. అవుట్‌లుక్ క్యాలెండర్‌లో 'బిజీ', 'టెంటటివ్' (ఇంకా ఖాయం కాదని), 'అవుట్ ఆఫ్ ఆఫీస్' అని విడివిడిగా ఉన్నాయి కదా, వాటిని వాడేవాళ్లే తక్కువ. డాక్టరు దగ్గరికైతే అవుట్ ఆఫ్ ఆఫీస్, ఎవరైనా ఇంటికొచ్చే పనైతే టెంటటివ్. ఎందుకు వెళ్తున్నారో నాకు అక్కర్లేదు. ఆ రోజు ఇస్తానన్న పని ఎప్పటికి వస్తుందో చెబితే చాలు.

కిటికీపక్కన:
ఇంటికొచ్చేవాళ్లతోనే అసలు టెన్షన్. 'మధ్యాహ్నం వస్తా' అంటారు. అంటే పన్నెండా, ఐదా?

తలుపుగంట:
అలాంటి రోజున నేను మాట్లాడాల్సిన మీటింగులు పెట్టుకోను, వినేవి మాత్రమే ఉంచుకుంటాను. మొదట్లోనే చాట్‌లో 'మధ్యలో ఓసారి లేవాల్సి రావచ్చు' అని రాసేస్తే బెల్ మోగినప్పుడు కంగారుండదు. లేచేముందు మైక్, వీడియో రెండూ ఆపండి. అన్నట్టు, చాట్‌లో మనం ఆన్‌లైన్‌లో ఉన్నామని చూపే పచ్చచుక్క ఆరకుండా మౌస్ కదిపే యాప్‌లు కొందరు వాడతారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది బయటపడితే జవాబు చెప్పుకోలేం. కాసేపు 'అవే' (Away, సీట్లో లేరని) అని కనబడితే కొంపలేం మునగవు!

రాత్రిడ్యూటీ:
వేరే దేశాలవాళ్లతో పనిచేసేవాళ్లు మార్చిలో జాగ్రత్త. అమెరికాలో గడియారాన్ని మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు రెండుచోట్ల టైమ్‌ల తేడా గంట తగ్గుతుంది. మళ్లీ యూరప్ అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతాయి, అప్పుడూ ఓ వారం ఇదే తంతు. ప్రతి వారం వచ్చే మీటింగ్, దాన్ని పెట్టినవాళ్ల టైమ్‌జోన్‌ని బట్టి నడుస్తుంది. గడియారం మార్చని దేశంలో ఉంటే మరీ ఇబ్బంది. మీరేమీ ముట్టుకోకుండానే అది గంట జరిగి, ఎప్పుడో తీసుకున్న అపాయింట్‌మెంట్ మీద వచ్చి కూర్చుంటుంది. ఆ వారాల్లో బయటి పనులు పెట్టుకునేముందు ఒకసారి చూసుకోండి.

కిటికీపక్కన:
ఓహ్, మా సోమవారం మీటింగ్ ఏటా అటూ ఇటూ ఎందుకు జరుగుతుందో ఇప్పుడర్థమైంది. ఒక మీటింగ్‌కీ ఇంకోదానికీ మధ్య అసలు గ్యాప్ ఉండదు, దానికేమైనా ఉందా? డాక్టరుకి ఫోన్ చేసి టైమ్ అడగడానికైనా ఐదు నిమిషాలు కావాలి కదా.

పాళీమార్పు:
గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో 'స్పీడీ మీటింగ్స్' ఉంటుంది. ఆన్ చేస్తే మీరు పెట్టే 30 నిమిషాల మీటింగ్ 25కి, గంటది 50కి తగ్గుతుంది. అవుట్‌లుక్‌లోనూ ఇలాంటిది ఉంది.

రెండోబల్ల:
మా టీమ్‌లో అందరం ఆన్ చేశాం. 25 దగ్గర ఆపేవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు మీటింగ్ పెట్టినవాళ్లే టైమ్ చూసి ఆపాలని మాట అనుకున్నాం, కొంచెం నయం.