ఆరేళ్ళ బాబు బీఎంఐ: యాప్ ఒకటి చెబుతోంది, బడి కార్డు మరొకటి చెబుతోంది

బెజవాడ అమ్మ: మా బాబుకు ఆరేళ్ళు నిండాయి. ఎత్తు 115 సెంటీమీటర్లు, బరువు 25 కిలోలు. ఫోనులోని యాప్ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 18.9 అని, అది ఆరోగ్యకరమైన బరువేనని చూపిస్తోంది. బడిలో పరీక్షించిన డాక్టరు గారు మాత్రం బరువు బాగా ఎక్కువని కార్డులో రాశారు. దేనిని నమ్మాలి?

పిల్లల వైద్యుడు, వరంగల్: అమ్మా, కార్డునే నమ్మండి. కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించే సూత్రం అందరికీ ఒకటే అయినా, యాప్ వాడిన హద్దులు పెద్దవాళ్ళవి. పిల్లల బీఎంఐ మొదటి ఏడాదిలో పెరిగి, ఆ తరువాత తగ్గుతూ వచ్చి, సుమారు ఐదారేళ్ళ ప్రాయంలో మళ్ళీ పైకి మళ్ళుతుంది కనుక, వయసూ, ఆడా మగా అన్నదీ చూడకుండా ఆ అంకెను అర్థం చేసుకోలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పట్టికలో ఆరేళ్ళ మగపిల్లలకు మధ్య విలువ 15.3, 16.8 దాటితే అధిక బరువు, 18.5 దాటితే ఊబకాయం. పెద్దవాళ్ళలో తక్కువ బరువుకు హద్దుగా ఉన్న 18.5, ఈ వయసులో ఊబకాయానికి హద్దు అవుతోంది.

డాలస్ నాన్న: ఇక్కడ సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చార్టులలో 85వ పర్సంటైల్ నుంచి, అంటే అదే వయసు పిల్లలు నూరుమందిలో 85 మంది కంటే బీఎంఐ ఎక్కువైతే, అధిక బరువుగా, 95 నుంచి ఊబకాయంగా లెక్కిస్తారు. మా పాప 88లో ఉందంటే, ఇంటి పెద్దలు మంచి మార్కులు వచ్చినట్టు సంతోషించారు. ఆ పోలిక కొన్ని దశాబ్దాల కిందటి అమెరికా పిల్లలతో అని వారికి వివరించవలసి వచ్చింది.

వ్యాయామ ఉపాధ్యాయిని, కర్నూలు: ముందు ఎత్తు సరిగా కొలిచారో లేదో చూడండి. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, చూపు ఎదురుగా నిలిపి, తలపై గట్టి అట్ట పుస్తకం పెట్టి గీత గీయాలి. ఆడపిల్లలకు కొప్పు విప్పాలి. బూట్లతో 118 అని రాసుకుంటే ఇదే బాబు బీఎంఐ 18కి దిగి, ఊబకాయం గీత కిందికి వచ్చేస్తుంది. కబడ్డీ ఆడే పెద్ద పిల్లలలో కండ బరువునూ బీఎంఐ కొవ్వు నుంచి వేరు చేయలేదు.

బెజవాడ అమ్మ: అయితే అన్నం తగ్గించాలా, డాక్టరు గారూ?

పిల్లల వైద్యుడు, వరంగల్: ఎదిగే బిడ్డకు కడుపు మాడ్చవద్దు. తీపి పానీయాలు, చిరుతిళ్ళు తగ్గించి, రోజూ ఆటకు పంపండి; పాత బరువుల కార్డులన్నీ తీసుకుని మీ వైద్యుడికి చూపించండి. బరువు 25 దగ్గరే నిలిచి, ఏడేళ్ళకు ఎత్తు 121కి చేరితే బీఎంఐ 17.1 అవుతుంది. ఏడేళ్ళ మగపిల్లలకు అధిక బరువు గీత 17.0, అంటే బరువు తగ్గకుండానే బాబు దాదాపు ఆ గీత దగ్గరికి వచ్చేస్తాడు.