మౌస్ కదిలితే కంప్యూటర్ లేవాలా, అక్కర్లేదా?

గాజువాక కుర్రాడు: మా ఇల్లు హైవేకి ఆనుకునే ఉంటుంది. రాత్రి కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి పడుకుంటాను. కంటైనర్ లారీ వెళ్తే చాలు, టేబుల్ అదిరి మౌస్ కదులుతుంది, గదంతా తెల్లగా వెలుగు! మౌస్‌కీ కీబోర్డుకీ లేపే పర్మిషన్ పీకేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

సీతమ్మధార సీనియర్: పీకేయ్ తమ్ముడూ, ఆలోచన దేనికి? విండోస్‌లో పరికరాలన్నిటి జాబితా ఉండే డివైస్ మేనేజర్‌ తెరిచి, మౌస్ మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపనిచ్చే టిక్ తీసేయ్. కీబోర్డుకీ అంతే. లేపడానికి పవర్ బటన్ ఉందిగా.

ఎంవీపీ వాసంతి: బటన్ ఉందిగా అనడం తేలికే సార్. మా నాన్నగారి సీపీయూ టేబుల్ కింద ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో ఆయన వంగలేరు. ఎలాగో వంగి నొక్కినా, తెర వెంటనే రాకపోతే బటన్ మీద వేలు అలాగే ఉంచేస్తారు. నాలుగైదు సెకన్లు పట్టుకుంటే మెషీన్ మొత్తం ఆరిపోతుంది, సేవ్ చెయ్యని లెటర్ గోవిందా. పెద్దవాళ్ళున్న ఇంట్లో కీబోర్డుకి పర్మిషన్ ఉండి తీరాలి. మౌస్ సంగతి మీ ఇష్టం.

సీతమ్మధార సీనియర్: షట్‌డౌన్ చేసి పడుకుంటే ఈ గొడవే ఉండదమ్మా. పైగా కరెంటు ఆదా.

రుషికొండ నైట్‌షిఫ్ట్: ఆ ఆదా ఏపాటిదండీ? కీబోర్డు, మౌస్ మేలుకుని ఉండడానికి మెషీన్ ఆగి ఉన్నా కొద్దిగా కరెంటు అందించే 5 వోల్టుల స్టాండ్‌బై లైను చాలు. షట్‌డౌన్ చేశాక కూడా కొన్ని సిస్టమ్‌లలో మౌస్ లైటు వెలుగుతూ ఉండేది దానివల్లే.

అసలు ముందు దోషి ఎవరో తేల్చాలి కదా! పాపం మౌస్ మీదే ఎందుకు పడతారు? నెట్‌వర్క్ కార్డు కూడా లేపగలదు, అప్‌డేట్ల కోసం పెట్టిన టైమరూ లేపగలదు. ఈసారి దానంతటదే లేచినప్పుడు కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, లాస్ట్‌వేక్ అని కొట్టండి. చాలాసార్లు పేరు అక్కడే దొరుకుతుంది.

ఇంకో తిరకాసు. గేమింగ్ మౌస్‌లు కొన్ని తమని కీబోర్డుగా కూడా నమోదు చేసుకుంటాయి. మౌస్ జాబితాలో టిక్ తీసి హమ్మయ్య అనుకుంటాం, కీబోర్డుల జాబితాలో ఉన్న రెండో ఎంట్రీ మళ్ళీ లేపేస్తుంది. రెండు చోట్లా చూడండి.

ఎంవీపీ వాసంతి: కొత్త ల్యాప్‌టాప్‌లో నాకు ఆ ట్యాబే కనబడలేదు.

రుషికొండ నైట్‌షిఫ్ట్: మోడర్న్ స్టాండ్‌బై, అంటే ఫోన్‌లా సగం మేలుకునే ఉండే కొత్త రకం స్లీప్, ఉన్నదై ఉంటుంది మేడమ్. వాటిలో చాలావాటికి ఆ ట్యాబ్ రాదు.

భీమిలి బాబాయ్: మీరంతా లేపడం గురించే కొట్టుకుంటున్నారు. తుఫాను రోజుల్లో చటుక్కున కరెంటు పోతే? స్లీప్‌లో తెరిచిన పనంతా ర్యామ్‌లోనే, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలోనే ఉంటుంది, కరెంటుతో పాటే పోతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి హైబర్నేట్ పెట్టుకోండి, పని డిస్కులో భద్రంగా ఉంటుంది.

గాజువాక కుర్రాడు: లాస్ట్‌వేక్ కొట్టాను, మౌసే! రెండు ఎంట్రీలకీ టిక్ తీసేసి కీబోర్డుకి ఉంచాను. ఇప్పుడు మా ఆవిడ ఏ కీ నొక్కాలని అడుగుతోంది. ఎంటర్ చెప్పనా?

ఎంవీపీ వాసంతి: ఎంటర్ వద్దు, షిఫ్ట్ చెప్పండి. తెర వచ్చేలోపు టకటకా నాలుగుసార్లు కొట్టినా పాస్‌వర్డ్ తప్పు అని రాదు.

సీతమ్మధార సీనియర్: నేనైతే ఇప్పటికీ షట్‌డౌనే అంటాను.