మిర్రర్‌లో ఒక డిస్కు పోయింది, కొత్తది ఏ వరుసలో పెట్టాలి?

ప్రశ్న – ఎనుమాముల, వరంగల్

మార్కెట్ దగ్గరి అడ్తి దుకాణంలో లెక్కల సర్వర్. డెబియన్ 12 లినక్స్, రెండు 4 టీబీ సాటా డిస్కులు, ఎండీఏడీఎం‌తో (డిస్కులను కలిపి నడిపే లినక్స్ పనిముట్టు) రెయిడ్ 1, అంటే ఒకే డేటా రెండు డిస్కుల మీదా ఉండే మిర్రర్. ఎండీస్టాట్‌లో (మిర్రర్ స్థితి చూపే ఫైల్) రెండు యూలు (డిస్కు బాగున్నట్టు గుర్తు) ఉండాల్సిన చోట ఒక యూ, ఒక గీత కనిపిస్తున్నాయి. ఎస్‌డీబీ1 (రెండో డిస్కు ఎస్‌డీబీలోని మొదటి పార్టిషన్, అంటే భాగం) పక్కన ఎఫ్, అంటే ఫెయిల్ అని పడింది. మిగిలింది ఎస్‌డీఏ. పని మాత్రం నడుస్తూనే ఉంది. పత్తి సీజన్ కాబట్టి యార్డు నడిచే వేళల్లో ఆపలేం, రాత్రి ఆపొచ్చు. హాట్‌స్వాప్ బే (మిషన్ ఆపకుండా డిస్కు మార్చే అర) లేదు. రెండు డిస్కులూ ఒకేసారి కొన్నవి. కొత్తది ఇంకా తేలేదు. ఏ పని ముందు, ఏది తర్వాత చేయాలో చెప్పండి.

జవాబు – కాజీపేట

మీరు పోయిన డిస్కు గురించి అడుగుతున్నారు కానీ ఇప్పుడు పట్టించుకోవాల్సింది మిగిలిన దాన్ని. కొత్తది పెట్టి మిర్రర్‌ను మళ్లీ నింపేటప్పుడు (రీబిల్డ్) ఎస్‌డీఏను మొదటి సెక్టార్ (డిస్కులోని చిన్న గడి) నుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని సెక్టార్లు కూడా అప్పుడు చదువుతుంది. అందులో పాడైనవి ఉంటే బయటపడేది అప్పుడే. పైగా రెండూ ఒకేసారి కొన్నవి, ఒకే వేడిలో అంతే గంటలు తిరిగినవి.

అందుకే డిస్కు కొనడానికి పోయే ముందే బ్యాకప్ తీయండి. డేటాబేస్ అయితే డంప్ (మొత్తం డేటా నకలు ఫైల్) తీసి వేరే మెషీన్ మీద పెట్టండి, ఆ డంప్‌ను అక్కడ ఒకసారి రిస్టోర్ చేసి చూడండి. మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానేసే వాళ్లున్నారు. పొరపాటున ఒక టేబుల్ చెరిపేస్తే మిర్రర్ రెండు డిస్కుల మీదా ఒక్కసారే చెరిపేస్తుంది.

జవాబు – జమ్మికుంట

అన్నా, డిస్కు పోయిందని అప్పుడే అనుకోకుండ్రి. స్మార్ట్‌సీటీఎల్‌తోని (డిస్కు ఆరోగ్యం చూపే కమాండ్) రెండిటి వివరాలు తీసి మూడు నంబర్ల వరుసలు చూడుండ్రి. 5 అంటే పాడైతే వేరేవి పెట్టి మార్చేసిన సెక్టార్లు, 197 అంటే చదవలేక పక్కన పెట్టినవి, 199 అంటే కేబుల్ దారిలో వచ్చిన తప్పులు. 5, 197 సున్నా ఉండి 199 మాత్రం పెరుగుతుంటే డిస్కు మంచిగనే ఉన్నట్టు, సాటా కేబుల్ మార్చి అదే డిస్కును మళ్ల కలుపుకోవచ్చు. ఆ 199 నంబరు ఎన్నడూ తగ్గదు, కేబుల్ మార్చినంక పెరుగుతలేదా అన్నదే చూడాలె.

ఇంకోటి, ఎర్రర్ రికవరీ టైమ్ ఎంతున్నదో చూడుండ్రి. సర్వర్‌కు, నాస్‌కు (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే డబ్బా) చేసిన డిస్కులు చెడ్డ సెక్టార్ దగ్గర 7 సెకన్లు చూసి, రాలేదని చెప్పేస్తయి. డెస్క్‌టాప్ డిస్కు నిమిషాల కొద్దీ ప్రయత్నం చేస్తనే ఉంటది. కెర్నల్ (లినక్స్ మూల భాగం) మాత్రం 30 సెకన్లే ఆగుతది, ఆ తర్వాత లింకును రీసెట్ చేస్తది. ఒక్క సెక్టార్ కోసం డిస్కు మొత్తం మిర్రర్ నుంచి బయటపడేది ఇట్లనే.

ప్రశ్న అడిగినవారు

ఎస్‌డీబీలో 197 దగ్గర 16 ఉంది, 199 సున్నా. ఎస్‌డీఏలో మూడూ సున్నాలే. రికవరీ టైమ్ అడిగితే రెండింటిలోనూ ఆ సదుపాయం లేదని వస్తోంది. బ్యాకప్ నడుస్తోంది.

జవాబు – కరీంనగర్

అయితే డిస్కు మార్చాల్సిందే. రీబిల్డ్ మొదలయ్యే ముందు ఎస్‌డీఏకు కెర్నల్ టైమ్‌అవుట్‌ను 30 నుంచి 180 చేయండి. రీబూట్ అయితే అది మళ్లీ 30కి వస్తుంది, కాబట్టి కొత్త డిస్కు బిగించి బూట్ చేశాక మరోసారి పెట్టాలి.

కొనేటప్పుడు రికవరీ టైమ్ సదుపాయం ఉన్న సీఎంఆర్ రకం (ట్రాకులు విడివిడిగా ఉండేది) అడగండి. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. రీబిల్డ్ పూర్తయినా, తర్వాత చెల్లాచెదురు రాతలు పడ్డప్పుడు డేటాబేస్ నత్తనడక నడుస్తుంది. 4 టీబీ డిస్కుకు సాధారణంగా 7,81,40,37,168 సెక్టార్లు ఉంటాయి. కొత్తదానిలో పార్టిషన్ పాతదానికన్నా చిన్నదైతే మిర్రర్ దాన్ని తీసుకోదు. పవర్ ఆన్ గంటలు కూడా చూడండి, వందల్లో ఉంటే అది కొత్త డిస్కు కాదు.

మిషన్ ఆపక ముందే ఎస్‌డీబీ సీరియల్ నంబర్ కాగితం మీద రాసుకోండి. ఎండీఏడీఎం‌లో దాన్ని ఫెయిల్, ఆపైన రిమూవ్ చేయండి. ఆ డిస్కులోని ప్రతి పార్టిషన్‌కూ చేయాలి, స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) దాని మీద ఉంటే ముందు ఆపేయాలి. పవర్ తీశాక లేబుల్ మీది సీరియల్‌తో సరిచూసుకునే డిస్కు విప్పండి. కుడి పక్కది, కింది స్లాటుది అని గుర్తుతో తీయొద్దు. బూట్ అయ్యాక పేర్లు తారుమారు కావచ్చు, అప్పుడు కూడా సీరియల్ చూసే ఏది ఎస్‌డీఏ, ఏది ఎస్‌డీబీ అని తేల్చుకోండి.

పార్టిషన్ టేబుల్ కాపీ చేసే చోట కళ్లు పెట్టుకొని చూడండి. ఎస్‌జీడిస్క్‌లో (పార్టిషన్ టేబుల్ మార్చే కమాండ్) పెద్ద ఆర్ (R) ఆప్షన్ వెంట రాసేది కొత్త డిస్కు పేరు, పాత డిస్కు పేరు చివర వస్తుంది. తిప్పి రాస్తే ఖాళీ టేబుల్ వచ్చి ఉన్న ఒక్క మంచి డిస్కు మీద కూర్చుంటుంది. ఆ వెంటనే పెద్ద జీ (G) ఆప్షన్‌తో కొత్తదానికి వేరే గుర్తింపు సంఖ్యలు ఇవ్వండి. ఇక ఎండీఏడీఎంలో కొత్త పార్టిషన్‌ను యాడ్ చేస్తే రీబిల్డ్ మొదలవుతుంది.

సెకనుకు 150 ఎంబీ చొప్పున ఏడున్నర గంటలు పడుతుంది. రాత్రి 9కి మొదలుపెడితే తెల్లారేసరికి అయిపోవాలి. పగలు దాకా సాగితే రీబిల్డ్ కనీస వేగాన్ని పెంచకుండా సెకనుకు 1000 కేబీ దగ్గరే వదిలేయండి, యూజర్ల పనికి అడ్డం రాదు. మధ్యలో కరెంటు పోయినా మంచి డిస్కులోని డేటాకు ఢోకా లేదు, కానీ యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

జవాబు – కాజీపేట

రెండు యూలు కనబడగానే అందరూ వదిలేసే పని ఒకటుంది. యూఈఎఫ్ఐ (మిషన్‌ను లేపే ఫర్మ్‌వేర్) బూట్ పార్టిషన్ సాధారణంగా మిర్రర్‌లో ఉండదు. రేపు ఎస్‌డీఏ పోతే డేటా అంతా ఎస్‌డీబీలో ఉన్నా మిషన్ లేవదు. కొత్త డిస్కులో ఆ పార్టిషన్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఫైళ్లు కాపీ చేయండి, బూట్ జాబితాలో దానికీ ఒక ఎంట్రీ పెట్టండి. పాత బయోస్ పద్ధతి అయితే లినక్స్‌ను లేపే గ్రబ్‌ను రెండో డిస్కు మీద కూడా ఇన్‌స్టాల్ చేయాలి. రీబిల్డ్ పూర్తయ్యాక ఒక ఆదివారం, బ్యాకప్ చేతిలో ఉంచుకొని, బూట్ మెనూలో కొత్త డిస్కు ఎంచుకొని లేస్తుందో లేదో చూడండి.

డెబియన్ నెలలో మొదటి ఆదివారం మిర్రర్ మొత్తాన్ని చదివించి సరిచూస్తుంది. ఆ రాత్రి సర్వర్ ఆపేసే అలవాటుంటే ఆ తనిఖీ ఎన్నడూ జరిగి ఉండదు. ఎండీఏడీఎం కాన్ఫిగ్ ఫైల్‌లో మీ ఈమెయిల్ పెట్టి, టెస్ట్ మెయిల్ పంపి చూడండి, అది నిజంగా మీ ఫోన్‌కు చేరాలి.

జవాబు – జమ్మికుంట

డబ్బా ఎట్లాగూ విప్పుతరు కాబట్టి ముందటి ఫ్యాను జాలి చూడుండ్రి. మార్కెట్ దగ్గర పత్తి నూగు చాపలెక్క పేరుకపోతది, వెనకున్న డిస్కులకు గాలే అందదు. బ్లోయర్ బయటికి తీస్కపోయి కొట్టుండ్రి, అక్కడనే కొడితే ఆ నూగు మొత్తం పవర్ సప్లైలకు పోతది. రీబిల్డ్ నడుస్తుండంగ రెండు డిస్కుల వేడి చూస్తుండుండ్రి. 50 డిగ్రీలు దాటుతుంటే పక్క పలక తీసి టేబుల్ ఫ్యాను పెట్టుండ్రి.