రాస్టర్‌కి గళ్ళ పటమా, చుక్కల పటమా? (పోతన గారి పద్యంలో ఒక మాట కూడా)

కొత్తచిగురు: గ్రామ సర్వేయర్ల కోసం పాఠం రాస్తున్నాను. రాస్టర్ (పటాన్ని వరసల్లో పేర్చిన అంకెలుగా దాచే పద్ధతి) అన్నచోట ‘గళ్ళ పటం’ అని పెడితే, చూసిన పెద్దాయన ‘చుక్కల పటం’ అని దిద్దారు. రాస్టర్‌కి మూలం లాటిన్‌లో నేల గీకే పళ్ళ పనిముట్టు పేరట. అది చదివినప్పటి నుంచి ‘సత్కవుల్ హాలికులైన నేమి’ పద్యం నాలుగో పాదం నోట్లో ఆడుతోంది. ‘...లికులైన నేమి’ అని అక్కడా ఏదో పనిముట్టు ఉంది కదా, ఏమిటది? అందులోంచి మాట తీయొచ్చా?

పాతనిఘంటువు: కౌద్దాలికులు. ‘కౌ’ మూడో పాదం చివర ఉండిపోతుంది, ‘ద్దా’తో నాలుగోది మొదలవుతుంది. అందుకే మీకు సగమే గుర్తుంది. కుద్దాలం అంటే మన గుద్దలి. అది గుంట తవ్వుతుంది, గీతలు గీయదు. రాస్టర్‌కి పనికిరాదు.

నల్లరేగడి: నాగటి ‘చాలు’ ఎందుకు కాకూడదండీ? పాత టీవీ తెర మీద బొమ్మ వరసలు వరసలుగానే పడేది. ఫైల్లోనూ మామూలుగా అంకెలు పై వరస నుంచి కిందికి సాగుతాయి. చాళ్ళ పటం!

పాతనిఘంటువు: నాగలి గట్టు దాకా పోయి, తిరిగి దున్నుకుంటూనే వస్తుంది. రాస్టర్‌లో ప్రతి వరసా మళ్ళీ ఎడమ నుంచే మొదలు. పోలిక కుదరదు.

నల్లరేగడి: అయితే దంతె. పళ్ళన్నీ ఒకే వైపు నడుస్తాయి. మా వైపు పత్తిలో తోలేది అదే.

గొలుసుకట్టు: పేరు తర్వాత చూద్దాం, చుక్కా గడా అన్నది చిన్న విషయం కాదు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల ఫైళ్ళున్నాయి కదా, ఎస్ఆర్‌టీఎం. హైదరాబాద్ ఉన్న ముక్క పేరు ఎన్17ఈ078. ముక్క పొడవు ఒక డిగ్రీ, కోణపు సెకనుకో వరస. డిగ్రీకి 3600 సెకన్లయితే ఆ ఫైల్లో వరసలు 3601. కంచె రాళ్ళ లెక్క: సందుల కంటే రాయి ఒకటి ఎక్కువ. అక్కడ ప్రతి అంకే ఒక చుక్క దగ్గరి ఎత్తు. ఉపగ్రహ చిత్రం అలా కాదు. గడి మొత్తం మీద నుంచి వచ్చిన వెలుతురుకి కలిపి ఒకే అంకె. జియోటిఫ్‌లో, అంటే నేల మీద చోటు కూడా చెప్పే చిత్రం ఫైల్లో, ఈ రెంటిలో ఏదో చెప్పడానికే ఒక గుర్తు ఉంది. చిత్రం ఎక్కడిదో చెప్పడానికి పక్కన పెట్టే టీఎఫ్‌డబ్ల్యూ ఫైల్లో చివరి రెండు వరుసలు మొదటి గడి నడిమధ్యను చెబుతాయి, జియోటిఫ్ మామూలుగా దాని మూలను పట్టుకుంటుంది. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే అర గడి జరుగుతుంది. 30 మీటర్ల గడిలో 15 మీటర్లు. నేనొకసారి ఇలాగే చెరువు కట్టను పక్క పొలంలోకి తోసేసి, రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

ముగ్గుబుట్ట: ఇది మా ముగ్గుల్లో ఎప్పుడూ ఉన్నదే! చుక్కలు కలిపే ముగ్గు వేరు, చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గు వేరు. రెండోదాంట్లో చుక్క గడి మధ్యలో పడుతుంది. ఇంకో మాట, తెలంగాణలో ‘గడి’ అని రాస్తే చాలామందికి దొర గడీ గుర్తొస్తుంది. ‘గళ్ళు’ అంటే ఆ పేచీ లేదు.

నల్లరేగడి: గడీ దీర్ఘం, గడి హ్రస్వం. చదివేవాళ్ళకి ఆమాత్రం తెలియదా?

ముగ్గుబుట్ట: మాట్లాడేటప్పుడు మా ఊళ్ళో రెండూ ఒకటేనండీ.

గొలుసుకట్టు: కొత్తచిగురు గారూ, పాఠంలో జేపెగ్ గురించి ఒక్క వాక్యం తప్పక పెట్టండి. 4 అంటే వరి, 7 అంటే చెరువు అని అంకెలిచ్చిన పటాన్ని జేపెగ్‌గా దాస్తే, అంచుల్లో 5, 6 పుట్టుకొస్తాయి. అక్కడ లేని పంట వచ్చి కూర్చుంటుంది. ఫొటోకి అది సరిపోతుంది, ఇలాంటి పటానికి టిఫ్ కావాలి.

కొత్తచిగురు: పెడతాను. ఎత్తులకి చుక్కలు, చిత్రాలకి గళ్ళు అని విడదీస్తే రెండింటినీ కలిపి పిలవడానికి మళ్ళీ మాట లేదు. ‘దంతె పటం’ అంటే సర్వేయర్లు ఒప్పుకుంటారా?

నల్లరేగడి: మావాళ్ళు ఒప్పుకుంటారు. అది సరే, నేను చిన్నప్పుడు ‘కుద్దాలికులు’ అనే చదివాను. ద్దా ముందు ‘కు’ ఉన్నా గురువే, గణం చెడదు.

పాతనిఘంటువు: గణం చెడదు, వ్యాకరణం చెడుతుంది. హలం పట్టినవాడు హాలికుడైనప్పుడు కుద్దాలం పట్టినవాడు కౌద్దాలికుడే. పోతన గారు ఆ రెంటినీ జంటగా నిలిపారు.

ముగ్గుబుట్ట: దానికి ముందు మాట కందమూలా, గందమూలా? మా నాన్నగారు ‘గంద’ అనేవారు.

పాతనిఘంటువు: దాని ముందున్న ‘సీమలన్’ ద్రుతాంతం, న్‌తో ముగుస్తుంది కదా తల్లీ, అందుకే క కాస్తా గ అయింది. మాట కందమూలమే.