దీపావళి దాటాక గులాబీలు: ఏ మొక్క కొనాలి, ఎలా నిలబెట్టాలి? (చర్చ)

మేడమీద_తోట:
హైదరాబాద్, మేడ మీద 14 అంగుళాల కుండీలు ఆరు. ఉదయం నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎండ. పిట్టగోడ పక్కన తీగ గులాబీకీ చోటుంది. నర్సరీలో మొక్కను ఏం చూసి ఎంచుకోవాలి? పూలున్నదే తీసుకోవాలా?

ముళ్ళకంచె:
రంగు తెలుసుకోవడానికి తప్ప పువ్వుతో పనిలేదండీ. అంటు చూడండి. మట్టికి కాస్త పైన కాండం ఉబ్బి పక్కకు వంగిన చోటది. అక్కడినుంచి పెన్సిల్ లావు కొమ్మలు కనీసం రెండు, వీలైతే మూడు ఉండాలి. ఒకే సన్నకొమ్మ చివర గుప్పెడంత పువ్వు ఉన్న మొక్క వద్దు. అంటుకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంటే నాటేరోజే బ్లేడుతో నిలువుగా కోసి తీయండి. వదిలేస్తే కాండం లావెక్కే కొద్దీ బిగుసుకుని, ఎప్పుడో గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

కుండీలకు ఫ్లోరిబండాలు (గుత్తులుగా పూసే గులాబీ రకాలు) మేలు. వాటిలో ఐస్‌బర్గ్‌కు ముళ్ళు తక్కువ. వాసన కావాలంటే డబుల్ డిలైట్, కాకపోతే బూడిద తెగులు త్వరగా పట్టేస్తుంది. క్వీన్ ఎలిజబెత్, గ్లాడియేటర్ ఏపుగా పెరిగేవి, నేలకు వదిలేయండి. "డచ్ గులాబీ" అని అమ్మేవి ఎక్కువగా పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ కప్పు వేసిన పందిట్లో) కోతపూల కోసం చేసిన రకాలు. మేడ మీది ఎండగాలికి రెండో కాపుకే డీలా పడతాయి.

కడియం_వైపు:
మా కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలకు వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. అసలు చిక్కంతా దానితోనే. అలాగే కుండీలో దించితే చుట్టూ ఉన్న గుల్లమట్టి తడుస్తుంది, ముద్ద మాత్రం ఎండి రాయవుతుంది, నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి. పైన తడిగానే ఉంది, మొక్క ఎందుకు వాడిందని అందరూ ఇంకా పోస్తారు. కవరు కోసి ముద్దను అరగంట బకెట్ నీళ్ళలో ఉంచి, పైపొర అంగుళం మేర వేళ్ళతో మెల్లగా రాల్చండి. మొత్తం కడిగేయొద్దు, సన్నవేళ్ళు తెగుతాయి.

మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. అంటు మట్టికి రెండు అంగుళాల పైనే ఉండాలి.

ఇక కోస్తాలో ఉన్నవారు అక్టోబరులో తొందరపడొద్దు. తుఫాను వానలు తగ్గాకే, మడిని అరడుగు ఎత్తుచేసి నాటండి. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే గులాబీ బతకదు.

సాయంత్రం_నీళ్ళు:
నాటేటప్పుడే చెంచా డీఏపీ ఎరువు వేస్తే త్వరగా అందుకుంటుంది కదా?

ముళ్ళకంచె:
వద్దు. తెగిన వేళ్ళకు అది మంట. కొత్త చిగురు రెండు అంగుళాలు వచ్చేదాకా నీళ్ళు తప్ప ఏమీ వద్దు. మొదటి నెల మొగ్గలూ గిల్లేయండి. కొత్తవాటిని కత్తిరించొద్దు, ఎండిన కొమ్మ వరకే తీయాలి. పాత మొక్కల సంగతి వేరు. అక్టోబరులో బయటివైపు చూసే కన్నుకు (చిగురు మొలిచే చోటుకు) పావు అంగుళం పైన ఏటవాలుగా కోసి, కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద రాస్తే ఇంచుమించు 45 రోజులకు పూస్తాయి. ముద్ద రాయకపోతే కొమ్మ పైనుంచి కిందికి నల్లబడుతూ ఎండిపోవచ్చు. (అరటితొక్కల నీళ్ళ గురించి ఎవరూ అడగకముందే చెబుతున్నా: దోమలు తప్ప ఏమీ రావు.)

పందిరి_గులాబీ:
తీగ గులాబీ దానంతట అది పట్టుకుని ఎక్కదు, మనమే కట్టాలి. గోడకు నాలుగు అంగుళాల ఎడంగా, అడుగున్నరకో వరుస చొప్పున గట్టి వైర్లు లాగండి. గోడకు ఆనిస్తే వేడికి ఆకు మాడుతుంది, ఎర్రనల్లి చేరుతుంది. పొడుగు కొమ్మల్ని లేతగా ఉన్నప్పుడే పక్కలకు పడుకోబెట్టి కట్టాలి. నిలువుగా వదిలితే కొసనే పూస్తుంది, అడ్డంగా వంచితే ప్రతి కణుపునుంచీ పూలకొమ్మ లేస్తుంది. కట్టుకు పాతచీర పేలికలు చాలు, ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా. ఇనుపతీగతో మాత్రం కట్టొద్దు. దీనికి 14 అంగుళాల కుండీ చాలదు, పాత నీళ్ళ డ్రమ్ము సగానికి కోసి వాడండి.

డల్లాస్_పెరడు:
ఇక్కడ అమెరికాలో, డల్లాస్‌లో లెక్క తిరగబడుతుంది. అక్టోబరులో నాటొచ్చు కానీ కత్తిరింపు ఫిబ్రవరి మధ్యలోనే. ఇప్పుడు కోస్తే లేతచిగురు మంచుకు మాడిపోతుంది. నల్లమట్టికి బెలిండాస్ డ్రీమ్, మ్యూటబిలిస్ తట్టుకుంటాయి, రెండూ టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వారి ఎర్త్‌కైండ్ (తక్కువ సంరక్షణతో పెరిగే గులాబీల) జాబితాలో ఉన్నవే. కొమ్మకు ఎర్రగా, చీపురులా, విపరీతంగా ముళ్ళతో చిగురొస్తే అది రోజ్ రోజెట్ తెగులు. నల్లి మోసుకొచ్చే వైరస్, మందు లేదు. వేళ్ళతో సహా పీకి సంచిలో కట్టి పారేయాలి.

మేడమీద_తోట:
పోయినేటి మొక్క ఒకటుంది. అడుగునుంచి ఏపుగా కొమ్మ వచ్చింది, రెబ్బకు ఏడు ఆకులు, పూలు లేవు. ఉంచాలా?

కడియం_వైపు:
ఏడు ఆకులని తీర్పు చెప్పొద్దు, మంచి రకాలకూ ఒక్కోసారి ఉంటాయి. ఎక్కడినుంచి పుట్టిందో మట్టి తవ్వి చూడండి. అంటు పైనుంచైతే ఉంచుకోండి, అది మీ మొక్కకు కొత్త కొమ్మే. కిందినుంచైతే అంటు కట్టిన అడుగు నాటు మొక్కది. కత్తెర పెట్టకుండా కిందికి లాగి మొదలంటా పీకేయండి. కోస్తే మిగిలిన మోడు నుంచి నాలుగు లేస్తాయి.