ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు రాత్రులే ఉంటాం, ఏ కాఫీషాప్‌కి వెళ్తే బాగుంటుంది?

బెంజిసర్కిల్_బ్యాచ్:
అందరికీ హాయ్. మేం నలుగురం, ఇద్దరం విజయవాడ ఇద్దరు గుంటూరు, అందరం ఇంజనీరింగ్ ఒకే బ్యాచ్. ఏప్రిల్‌లో యూరప్ వెళ్తున్నాం, మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్ రెండు రాత్రులు. అక్కడ కాఫీషాపుల్లో గంజాయి ఓపెన్‌గా అమ్ముతారు కదా, ఒకటో రెండో చూడాలని ఉంది. నెట్‌లో చూస్తే ఒకడు బుల్‌డాగ్‌కే వెళ్ళమంటాడు, ఇంకొకడు అది ఉత్త టూరిస్టు స్పాట్ అంటాడు, అసలు దేన్ని బట్టి ఎంచుకోవాలో అర్థం కావట్లా. మాలో ఇద్దరు ఇంతవరకు ముట్టుకోలేదు, ఒకడైతే సిగరెట్ కూడా తాగడు, వాడు ఊరికే మాతో కూర్చుంటానంటున్నాడు, కూర్చోనిస్తారా? రూమ్ సెంట్రల్ స్టేషన్ దగ్గరే. రిటర్న్ దుబాయ్ మీదుగా. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట_టు_యూట్రెక్ట్:
తమ్ముడూ, మాది గుంటూరు బ్రాడీపేట, ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. ముందు ఒకటి తెలుసుకోండి, ఇక్కడ గంజాయి చట్టప్రకారం పూర్తిగా ఓకే అని చాలామంది అనుకుంటారు గానీ కాదు, 1976లో చట్టం మార్చినప్పటి నుంచి కొద్దిమొత్తం అయితే కేసు పెట్టకుండా వదిలేస్తున్నారు అంతే. దానికి బదులు షాపులకి రూల్స్ మాత్రం గట్టిగా ఉంటాయి. 18 నిండాలి, మనిషికి రోజుకి 5 గ్రాములు మించి అమ్మకూడదు, షాపులో స్టాక్ 500 గ్రాములు దాటకూడదు, మందు అమ్మకూడదు, యాడ్స్ పెట్టుకోకూడదు. కాబట్టి బయట గంజాయి అని బోర్డు ఏమీ కనపడదు, కిటికీ మీద ఆకుపచ్చ తెలుపు స్టిక్కర్ ఉందేమో చూసుకోండి, అది లైసెన్స్ ఉన్న షాపు. పాస్‌పోర్ట్ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి, కొన్నిచోట్ల కార్డు తీసుకోరు కాబట్టి కాస్త క్యాష్ కూడా.

ఇక ఎంచుకోవడం. స్టేషన్ బయట డామ్రాక్ రోడ్డు, దాని పక్కన రెడ్‌లైట్ ఏరియా, అక్కడివి మన బస్టాండ్ ఎదురు హోటళ్ళ టైపు, మళ్ళీ రారని తెలిసిన కస్టమర్లతో నడిచేవి. రేటు ఎక్కువ, రద్దీ ఎక్కువ, మాట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు. మీరు పడమర వైపు నడవండి, హార్లెమర్‌స్ట్రాట్‌లో బార్నీస్ ఉంది, స్టేషన్ నుంచి నడకే. ఇంకాస్త ముందుకెళ్తే యోర్డాన్ అనే పాత పేట, అక్కడ పారడాక్స్ ప్రశాంతంగా ఉంటుంది, కొత్తవాళ్ళకి నేనైతే అదే చెప్తా. గ్రే ఏరియాకి సరుకు విషయంలో మంచి పేరుంది కానీ చాలా చిన్న షాపు, నలుగురికి సీటు దొరకడం కష్టం.

నా లెక్కలో షాపు పేరు కంటే కౌంటర్ దగ్గర మనిషి ముఖ్యం. మంచి షాపులో మీరు అడగ్గానే మూత తీసి డబ్బా మీ ముందు పెడతాడు, వాసన చూడనిస్తాడు, ఇది ఎంత ఘాటు, దీంతో నిద్ర వస్తుందా నవ్వు వస్తుందా అన్నీ చెప్తాడు, మీ కళ్ళముందే చిన్న త్రాసులో తూచి జిప్ కవర్‌లో వేసిస్తాడు. మొదటిసారి అని మొహమాటం లేకుండా చెప్పండి, ఘాటు తక్కువది అడగండి, ఇక్కడ పండే సరుకులో టీహెచ్‌సీ, అంటే మత్తెక్కించే పదార్థం, 15 శాతం అటూ ఇటూ ఉంటుంది, అది కొత్తవాళ్ళకి చాలా ఎక్కువ. నలుగురికీ కలిపి ఒక్క గ్రాము తీసుకున్నా ఇంకా మిగిలిపోతుంది. చుట్టి అమ్మే జాయింట్లలో, అంటే గంజాయి సిగరెట్లలో, చాలావాటిలో పొగాకు కలిపి ఉంటుంది, సిగరెట్ అలవాటు లేనోళ్ళు పొగాకు లేనిది కావాలని అడిగి తీసుకోండి. 2008 నుంచి లోపల పొగాకు బ్యాన్ కూడా.

గవర్నర్‌పేట_వకీలు:
షాపుల సంగతి తర్వాత, బ్రో మీ రిటర్న్ దుబాయ్ మీదుగా అన్నారే, అది నాకు అస్సలు నచ్చలేదు. అక్కడ బ్యాగ్‌లోనే కాదు, ఒంట్లో దొరికినా కేసు పెట్టే చట్టం ఉంది. తాగింది మూత్రంలో కొన్ని రోజులు కనపడుతుంది, అలవాటున్నోళ్ళకి వారాలు. ప్రతి ప్యాసింజర్‌నీ టెస్ట్ చేస్తారని కాదు, కానీ ఆ ఒక్కసారి మీ వంతు వస్తే మీ అమ్మానాన్నలు ఏం చేయగలరు చెప్పండి. హైదరాబాద్‌కి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కేఎల్ఎం వాళ్ళ డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, టికెట్ మార్చుకోగలిగితే మార్చుకోండి, లేదంటే తాగకుండా చూసి రండి.

ఇంకోటి, గుర్తుగా అని ఏదీ తేవద్దు. గంజాయి నలిపే గ్రైండర్, మిగిలిన జాయింట్, గంజాయి కేక్ ముక్క, ఏదీ. మన దేశంలో మత్తుపదార్థాల మీద ఉన్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద బయటినుంచి తేవడం స్మగ్లింగ్ కిందే లెక్క, అక్కడ ఓపెన్‌గా అమ్మారు సార్ అంటే మన కోర్టులో చెల్లదు. జాకెట్ జేబులు తిరగేసి దులుపుకుని మరీ ఎయిర్‌పోర్ట్‌కి రండి.

మంగళగిరి_వదిన:
సిగరెట్ తాగని అబ్బాయి గురించి అడిగారు కదండీ, నేను మా ఆయనతో వెళ్ళినప్పుడు నేనేమీ తాగలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఏదో ఒక డ్రింక్ తీసుకుంటే చాలు. అక్కడ పుదీనా టీ అడిగితే పొడవాటి గాజు గ్లాసులో వేడినీళ్ళు పోసి పుదీనా రెమ్మ కాడలతో సహా అలాగే వేసి పక్కన తేనె ఇస్తారు, నాకు చాలా నచ్చింది. కాకపోతే గదంతా పొగ, ఆస్తమా ఉంటే మాత్రం వద్దు. ఆ అబ్బాయికి గంజాయి చరిత్ర మీద ఆసక్తి ఉంటే 1985 నుంచి నడుస్తున్న హ్యాష్ మరువానా హెంప్ మ్యూజియం ఉంది, మొక్క నుంచి నారతో తాళ్ళు బట్టలు ఎలా చేసేవాళ్ళో అన్నీ చూపిస్తారు.

బుల్‌డాగ్‌ని అంత తీసిపారేయకండి, 1975 నాటిది, లైడ్‌సెప్లైన్ అనే సెంటర్‌లో ఉన్న బ్రాంచి ఒకప్పటి పోలీస్ స్టేషన్ బిల్డింగ్‌లో పెట్టారు. ఒకసారి చూసి ఫొటో తీసుకుని టీ తాగి వచ్చెయ్యొచ్చు.

తెనాలి_తారక్:
కేకుల గురించి ఎవరూ చెప్పలేదేంటి. కొత్తవాళ్ళు స్పేస్ కేక్, అంటే గంజాయి కలిపిన కేక్, ముట్టుకోకపోవడమే మంచిది, ముక్క తిన్నాక అరగంట గంట ఏమీ అనిపించదు, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది, ఇదేంటి పనిచేయట్లేదు అని ఇంకో ముక్క తింటారు, తర్వాత రెండూ ఒకేసారి ఎక్కుతాయి. గుండె దడ, భయం, వాంతులు. అలా ఎవరికైనా అయితే ఒంటరిగా వదలకండి, తియ్యటి జ్యూస్ తాగించి కూర్చోబెట్టండి, కౌంటర్‌లో చెప్పండి వాళ్ళకి ఇది అలవాటే. ఛాతీ నొప్పి వచ్చినా, మనిషి పలక్కపోయినా 112కి ఫోన్. మందు కొట్టి మాత్రం తాగొద్దు. రోడ్డు మీద చెవిలో వచ్చి గుసగుసలాడి అమ్మేవాళ్ళ దగ్గర ఏదీ కొనకండి, 2014లో కొకైన్ అని చెప్పి హెరాయిన్ అమ్మితే టూరిస్టులు చనిపోయారు అక్కడ.

బెంజిసర్కిల్_బ్యాచ్:
అన్నా, వదినా, అందరికీ చాలా థాంక్స్. దుబాయ్ విషయం మాకు అస్సలు తట్టలేదు, రాత్రే గ్రూప్‌లో పెట్టా, డైరెక్ట్ ఫ్లైట్‌కి తేడా ఎంతో కనుక్కుంటున్నాం, కుదరకపోతే మంగళగిరి వదిన చెప్పినట్టు పుదీనా టీ మ్యూజియం అంతే. పారడాక్స్‌లో తీసుకుని కాలువ గట్టున కూర్చుని తాగొచ్చా?

బ్రాడీపేట_టు_యూట్రెక్ట్:
రెడ్‌లైట్ ఏరియాలో వద్దు, 2023 మే నుంచి అక్కడ రోడ్డు మీద తాగితే 100 యూరోలు ఫైన్. యోర్డాన్‌లో ఆ బ్యాన్ లేదు గానీ జనం కాపురాలుండే వీధులు, కిటికీల కింద కూర్చుంటే వాళ్ళకి ఇబ్బంది. షాపులోనే తాగండి, పగలు వెళ్ళండి, రాత్రి కంటే సీటు కూడా ఈజీగా దొరుకుతుంది.